టైపు మాస్టారి చిటికెన వేలు

మా బావ ఎదురుగా ఉంటే బావగారూ అంటాను. ఇప్పుడు ఎదురుగా లేడు, మేడ మీద వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఉన్నాడు, కాబట్టి ఉట్టి బావ చాలు. ఆయన గురించి రాయమని నన్నెవరూ బతిమాలలేదు. కానీ మొన్న మా అక్క కూతురు ఈ సంగతంతా ఎవరికో ఫోన్లో చెబుతూ సగం తప్పుగా చెప్పింది. మిగతా సగాన్ని మా బావ పక్కనుంచి దిద్దుతూ పూర్తిగా పాడుచేశాడు. జరిగింది కళ్లారా చూసినదాన్ని నేను. ఇంకొకళ్ల నోట పడి చెడిపోకముందే నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. కింద వాటాలో నేనూ, నా కుట్టుమిషనూ. పై వాటాలో అక్క, బావ, వాళ్ల కూతురు, అల్లుడు, వీళ్లందరి నెత్తిమీదా పాప. పాపకి శుభ్రమైన పేరే పెట్టారు గానీ ఇంట్లో అందరం దొరసాని అనే పిలుస్తాం. తను కళ్లు తెరిస్తే ఇల్లంతా లేచి నిలబడాలి. తను కళ్లు మూస్తే ఇల్లంతా నోరు మూసుకోవాలి.

మా బావ చేసిన ఉద్యోగం ఒక్కటే, టైపు నేర్పడం. చెప్పుల కొట్టు పైన మేడ, ఒక మనిషి దిగితేగాని ఇంకో మనిషి ఎక్కలేని మెట్లు, ఎక్కాక పొడుగాటి గది, రెండు వరసల బల్లలు, వాటి మీద గుడ్డ తొడుగులు వేసిన మిషన్లు. అడుగు పెట్టగానే ఎదురు గోడ మీద పెద్ద బోర్డు కనిపించేది: 'ఐదు వేళ్లూ సమానమే.' ఐదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా అని లోకమంతా సామెత చెప్పుకుని సర్దుకుపోతూ ఉంటే, ఈయన ఒక్కడే ఆ సామెత మీద యుద్ధం ప్రకటించి కూర్చున్నాడు.

కారణం లేకపోలేదు. పాతకాలం టైపు మిషను మీట ఎంత బలంగా కొడితే కాగితం మీద అక్షరం అంత నల్లగా పడుతుంది. ఇంగ్లీషులో మాటిమాటికీ తగిలే మొదటి అక్షరం ఎడమ చేతి చిటికెన వేలి వాటాకి వచ్చింది. చేతిలో అన్నిటికన్నా నీరసమైన వేలికి అన్నిటికన్నా ఎక్కువ చాకిరీ. మీటలు అలా అమర్చినవాడికి అసలు చిటికెన వేలే ఉండి ఉండదని మా బావ తిట్టుకునేవాడు. కొత్తగా చేరినవాళ్లు కొట్టిన కాగితంలో అక్షరాలన్నీ నల్లగా ఉండి, ఆ ఒక్క అక్షరం మాత్రం ఉతికి ఆరేసినట్టు వెలిసిపోయి ఉండేది. మా బావ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, "ఏం, చిటికెన వేలు పొద్దున అన్నం తినలేదా?" అని అడిగేవాడు.

మా అక్కనీ అదే అడిగాడు. అక్క అప్పుడు అక్కడ టైపు నేర్చుకునేది, నేను తోడుగా వెళ్లి కిటికీ పక్కన కూర్చునేదాన్ని. మిగతావాళ్లయితే ఆ మాటకి తల దించుకునేవాళ్లు. అక్క మాత్రం, "అది తినే వచ్చిందండీ, మీ మిషనే తిన్నట్టు లేదు," అంది. ఆ రోజు నుంచి ఆయన మిగతా శిష్యుల్ని గాలికి వదిలేసి అక్క బల్ల దగ్గరే నిలబడేవాడు. ఇంత బలహీనమైన వేలు నా సర్వీసులో చూడలేదని మా నాన్నతో కూడా చెప్పాడు, పెళ్లి మాటలకి వచ్చిన రోజున. అక్క వేలు ఇప్పటికీ బాగుపడలేదు. మందుల షాపులో బిల్లులు కొట్టేటప్పుడు ఆ వేలు మడిచి పెట్టుకుంటుంది.

శిష్యుల వేళ్లు దిద్దుతూ దిద్దుతూ మా బావ తన వేలిని ఉక్కు చేసుకున్నాడు. తీరిక దొరికితే చాలు, ఎడమ చిటికెన వేలితో బల్ల మీద కొట్టుకుంటూ ఉండేవాడు. ఒకసారి ఆ వేలితోనే మా ఇంటి కాలింగ్ బెల్ నొక్కాడు. బటను లోపలికి పోయి మళ్లీ పైకి రాలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఇల్లు మోగుతూనే ఉంది, వీధిలో వాళ్లు వచ్చి ఏమైందని అడిగి వెళ్లారు.

కంప్యూటర్లొచ్చాక ఆ మేడ మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. చివరికి సెంటర్ మూసేసి, మిషన్లన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేసి, ఒక్కదాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుని వెనక గదిలో పెట్టాడు. దాని దుమ్ము దులుపుతాడు, నూనె వేస్తాడు, రిబ్బను ఎండిపోకుండా మూత గట్టి డబ్బాలో దాస్తాడు, తొడుగు వేసేస్తాడు. కొట్టడానికి మాత్రం ఏమీ లేదు. ఇంట్లో పనులు చెబితే ఇంకో తలనొప్పి. పాలు చూస్తూ ఉండమంటే నిజంగానే చూస్తూ ఉంటాడు. పొంగగానే, "పొంగాయి," అని అక్కని పిలుస్తాడు, పొయ్యి మాత్రం ఆపడు. దాంతో ఇంట్లోవాళ్లు ఒక్కొక్కళ్లూ ఆయన చేతిలోంచి పనులు లాగేసుకున్నారు. లాగేసుకున్నప్పుడల్లా ఆయన కొంచెం చిన్నవాడైపోయేవాడు. అది నేను చూశాను, చూసి కూడా వేళాకోళమే ఆడాను, నా నోరు అలాంటిది.

అలాంటి మనిషి, కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడుతోందనగా, "పాపని పగలు నేను చూసుకుంటా," అన్నాడు.

మా అక్క కూతురు కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తుంది. మెత్తగానే మాట్లాడుతుంది గానీ గోడకి చెప్పినట్టు కాదు, వినాల్సిందే. "నాన్నా, పాలు పట్టడం, బట్టలు మార్చడం పిన్ని కూడా పైకొచ్చి చూస్తుంది. నా భయం మధ్యాహ్నం నిద్ర గురించి. అది మధ్యాహ్నం పడుకోకపోతే రాత్రి పడుకోదు. నేను రాత్రి పడుకోకపోతే నా కళ్లే తెరుచుకోవు, ఇంకొకళ్ల కళ్లేం చూస్తాను? వీధి చివర క్రెష్‌లో మాట్లాడి పెట్టాను. సోమవారం లోపు నువ్వు దాన్ని ఒక్క మధ్యాహ్నం పడుకోబెట్టి చూపించు. పడుకుంటే ఇక్కడే ఉంటుంది. లేదంటే అక్కడికి వెళుతుంది," అంది.

ఈ దొరసాని సంగతి చెప్పాలి. భుజాన వేసుకుని తిప్పితే పడుకుంటుంది, దించగానే లేస్తుంది. మా బావకి నడుం నొప్పి, ఎక్కువసేపు తిప్పలేడు. పాడదామంటే, ఆయన గొంతు విప్పితే పక్కింటి కుక్క బదులు చెబుతుంది. అప్పుడు ఆయన కన్ను అల్లుడి కీబోర్డు మీద పడింది.

అల్లుడు ప్రకటనల వెనక వచ్చే సంగీతం కూర్చి ఇస్తుంటాడు. ముందు గదిలో ఒక మూల కంప్యూటర్, దానికి వైరుతో తగిలించిన నలుపూ తెలుపూ మీటల కీబోర్డు, రెండు స్పీకర్లు. ఇదే అతని కచేరీ. ఆ కీబోర్డులో సొంతంగా చప్పుడంటూ లేదట. మీట ఎంత వేగంగా కిందికి దిగిందో కొలిచి, ఒకటి నుంచి నూట ఇరవై ఏడు దాకా ఏదో ఒక అంకె కంప్యూటర్‌కి పంపుతుందట. దాన్ని వెలాసిటీ అంటారట. కంప్యూటర్‌లో వీణ, వేణువు, పియానో అన్నీ దాచి ఉంటాయి. అంకె చిన్నదైతే మెల్లగా, పెద్దదైతే గట్టిగా పలికిస్తుంది. అల్లుడు ఇదంతా చెబుతూ ఉంటే మా బావ తల ఊపుతూ విని, "మీటలు మీటలే గదయ్యా. ఇవి మా మిషనుకన్నా మెత్తగా కూడా ఉన్నాయి," అన్నాడు. అల్లుడు చిన్న జోలపాట వరస ఒకటి కట్టి ఇచ్చాడు. మా బావ దాన్ని టైపు పాఠం లాగా కూర్చుని బట్టీ కొట్టేశాడు.

ఆ వాయించడం ఒకసారి చూడాలి. టైపు కొట్టేవాడు మీటల వైపు చూడకూడదు, అది వాళ్ల నియమం. అందుకని నడుం నిటారుగా పెట్టి, కుడిపక్క గోడ వైపు చూస్తూ వాయిస్తాడు. ఎడమ పక్క ఉయ్యాలలో పాప ఉంటుంది. తను పడుకుందో లేచిందో ఈయనకి అక్కర్లేదు. పాటలో ఒక్కో వరస అయిపోగానే ఎడమ చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, లేని పిడిని పట్టుకుని కుడివైపుకి తోస్తుంది. మిషను మీదైతే కొత్త లైనుకి అలాగే తోయాలి. ఇక్కడ ఆ చోట అల్లుడి టీ కప్పు ఉండేది. రెండు కప్పులు పోయాక అక్క అక్కడ ప్లాస్టిక్ గ్లాసు పెట్టింది.

మొదటి మధ్యాహ్నం అందరం తలుపు దగ్గర నిలబడి విన్నాం. పియానో మెత్తగా, చల్లగా మొదలైంది. నాకే కళ్లు మూతలు పడ్డాయి. పాప ఆవలించింది, పిడికిలి వదులు చేసింది, రెప్పలు దించింది. అప్పుడు ఢాం అని ఒక్క స్వరం మోగింది. పాప ఉలిక్కిపడి ఆరున్నొక్క రాగం అందుకుంది. మా బావ గోడ వైపే చూస్తూ రెండో వరస కూడా పూర్తి చేశాడు.

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. పాట సాఫీగా వెళుతుంది, పాప రెప్పలు దించుతుంది, సరిగ్గా ఆ సమయానికి ఢాం. మిగతా స్వరాలన్నీ పిల్లిలా నడుస్తుంటే అది ఒక్కటీ చెప్పులేసుకుని పరుగెత్తుకొస్తున్నట్టు ఉంది.

"ఆ ఒక్క మీట పాడైంది," అన్నాడు మా బావ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది అక్క.

"నా వేళ్ల గురించి నాకు తెలీదా? ఈ చేతుల కింద ఎంతమంది పరీక్షలు పాసయ్యారు?"

ఇక చేసేదేముంది, మీట మీద పడ్డారు. రేడియోలు బాగుచేసే మెకానిక్‌ని పిలిచారు. ఆయన కీబోర్డుని బోర్లా తిప్పి మరలు విప్పి, మీటల కింద రబ్బరు పట్టీ తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, లోపలున్న ఒక బిస్కెట్ ముక్కనీ, మా అక్క ఎప్పుడో పోగొట్టుకున్న చెవిదిద్దునీ బయటికి తీశాడు. దిద్దు దొరికినందుకు అక్క ఆయనకి రెండుసార్లు టీ ఇచ్చింది. మళ్లీ బిగించాక మా బావ వాయించాడు. ఢాం. మెకానిక్ తన సంచీ సర్దుకుంటూ, "మీట శుభ్రంగా ఉంది సార్," అన్నాడు. ఆ సార్‌లో కొంచెం అనుమానం ఉంది.

తరవాత అల్లుడు కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చాడు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా అన్నీ ఒకే అంకెతో పలికేలా పెట్టాడు. ఢాం పోయింది. దాంతోపాటు పాట ప్రాణం కూడా పోయింది. లారీ వెనక్కి వస్తున్నప్పుడు మోగే చప్పుడులా తయారైంది. పాప పడుకోకపోగా, లారీ ఎటునుంచి వస్తోందా అని తల తిప్పి వెతికింది. ఇంకో సెట్టింగు పెట్టాడు, అందులో గట్టిగా నొక్కితేగాని పలకదు. అప్పుడు మిగతా స్వరాలన్నీ వినబడకుండా పోయి ఆ ఒక్క ఢాం మాత్రం మిగిలింది. మా బావ గోడ వైపు చూస్తూ తన్మయంగా పాటంతా వాయిస్తున్నాడు. మాకు మాత్రం ఉండుండి ఎవరో తలుపు కొడుతున్నట్టు వినబడుతోంది. నేను నవ్వు ఆపుకోలేక కిందికి పారిపోయాను.

"మామయ్యగారూ, మీరు ఒక్కసారి వాయించండి, రికార్డు చేసి ఆ గట్టి స్వరాలు ఒక్కొక్కటే తగ్గించేస్తాను. రోజూ ఆ రికార్డే పెట్టుకోవచ్చు," అన్నాడు అల్లుడు. పాపం, మంచి సలహానే ఇచ్చాడు.

మా బావ మొహం మాడిపోయింది. "రికార్డు పెట్టడానికి తాతెందుకయ్యా? క్రెష్‌లో కూడా రికార్డే పెడతారు," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. నేను ఒక జాకెట్‌కి లైనింగు వేస్తున్నాను. మామూలుగా వస్తే నా కుట్టు వంకరని ఏదో ఒకటి అంటాడు. ఆ రోజు ఏమీ అనకుండా స్టూలు మీద కూర్చుని, ఎడమ చేతి చిటికెన వేలితో బల్ల మీద కొడుతున్నాడు. నా కత్తెర ఎగిరెగిరి పడుతోంది.

"ఏం బావగారూ, కింద కూడా కచేరీనా?" అన్నాను.

"అమ్మాయ్, సెంటర్ మూసినప్పటి నుంచి పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియట్లేదు. ఇన్నేళ్లకి నన్ను ఒక పనికి నమ్ముతారేమోనని అడిగాను. అది క్రెష్‌కి వెళ్లిపోతే మళ్లీ నేను పాలు చూస్తూ కూర్చోవాలి. అది కూడా నాకు చేతకాదని తేల్చేశారు," అన్నాడు.

నాకు ఆయన మీద ఎంత జాలేసిందో, ఆ జాలి చూపించడం రాక అంత కోపమూ వచ్చింది. "రేపు ఆదివారం గదా, రేపు తేలుద్దాం. ముందు ఆ వేలు ఆపండి, నా కత్తెర కింద పడుతుంది," అన్నాను.

ఆయన తన వేలి వైపు చూసుకున్నాడు. అది బల్ల మీద కొడుతోందన్న సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రాత్రి భోజనాలప్పుడు అల్లుణ్ని పక్కకి పిలిచి చెప్పాను. అతను నవ్వి, నాకు ఎప్పుడో తెలుసన్నాడు. మరెందుకు చెప్పలేదంటే, "మామయ్యగారికి ఆ మాట నేను చెప్పాలా?" అన్నాడు. అల్లుళ్ల ధైర్యం ఎంతలో ఉంటుందో అంతలోనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అందరం ముందు గదిలో చేరాం. పాప తల్లి భుజాన ఉంది, నిద్రొచ్చి చిరాగ్గా నసుగుతోంది. అల్లుడు గొంతు సవరించుకుని, "మామయ్యగారూ, మీట తప్పో కాదో తేలిపోతుంది. అదే పాట, చేతులు రెండూ ఒక్క మీట ఎడమకి జరిపి వాయించండి. రాగం కొంచెం తేడాగా ఉంటుంది, ఫరవాలేదు. మీట తప్పయితే ఢాం ఆ పాత మీట దగ్గరే ఉండిపోవాలి," అన్నాడు.

మా బావ ధీమాగా చేతులు జరిపి గోడ వైపు తిరిగి వాయించాడు. మేం మాత్రం కంప్యూటర్ తెర చూస్తున్నాం. ఒక్కో స్వరానికి ఒక్కో గీత పడుతోంది. పొట్టి పొట్టి గీతల మధ్య అక్కడక్కడా కరెంటు స్తంభాల్లా పొడుగు గీతలు నిలబడ్డాయి. ఒక్కో స్తంభం మీద అంకె నూట ఇరవై ఏడు, అంతకుమించి అసలు లేదు. మా బావ చేతులు జరిగితే ఢాం కూడా ఆయన వెంటే జరిగి వచ్చేసింది. పాత మీట ఇప్పుడు ఉంగరం వేలి కింద పిల్లిలా మియావ్ అంటోంది.

చివరికి అక్కే అంది, "ఏవండీ, అది మీ చిటికెన వేలు."

మా బావ లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "నా వేలా? నా వేలు ఎక్కువ తక్కువ కొడుతుందా?" అన్నాడు. ఇంకేదన్నా తప్పు చెప్పి ఉంటే ఒప్పుకునేవాడేమో. కానీ ఐదు వేళ్లూ సమానమే అన్న బోర్డు కింద బతికిన మనిషితో ఒక వేలు తేడాగా ఉందంటే అది ఆయన బతుకుని తప్పుపట్టడమే. "రండి, అందరూ రండి," అంటూ గబగబా వెనక గదిలోకి నడిచాడు. కోపంలో ఆయన ఒకటే అన్నాడు, నా వేళ్లు సమానమో కాదో నా మిషను చెబుతుంది అని.

మేం వెనకే వెళ్లాం. ఆయన తొడుగు లాగేశాడు, డబ్బాలోంచి రిబ్బను తీసి ఎక్కించాడు, కాగితం దూర్చి తిప్పాడు. కూర్చుని, నడుం నిటారుగా పెట్టి, గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. అదే పాత పాఠం. ఏ, ఎస్, డి, ఎఫ్. మళ్లీ ఏ, ఎస్, డి, ఎఫ్. టక టక టక టక. ఎడమ చెయ్యి లేచింది, ఈసారి దానికి తోయడానికి నిజంగానే ఒక పిడి దొరికింది. కర్ర్‌మని కాగితం ఉన్న బండి వెనక్కి వెళ్లింది. మళ్లీ టక టక టక టక. కూతురు పాపని పక్కనున్న మంచం మీద వేసి ముందుకి వచ్చింది. అంతా ఆయన చుట్టూ మూగాం. ఆయన కాగితం నిండేదాకా కొట్టాడు.

ఉక్కు వేలు ఉక్కు మీట మీద పడుతుంటే నాకు మొదటిసారి అర్థమైంది. ఆ మీట అంత బరువు, పుట్టుకతో ఆ వేలు అంత నీరసం. ఆ రెండిటినీ సమానం చెయ్యడానికి ఆయన ఇన్నేళ్లు తన వేలిని పెంచుకుంటూ వచ్చాడు. ఈ మిషను మీద అది సరిగ్గా సరిపోయింది. దూదిలాంటి మీటల మీద పడేసరికి ఎక్కువైపోయింది, అంతే.

ఆయన కాగితం లాగి కిటికీ వెలుతురుకి పెట్టాడు. "చూడండి. చిటికెన వేలి అక్షరం ఎక్కడన్నా ఎక్కువ నల్లగా ఉందా? ఎక్కడన్నా వెలిసిపోయిందా?"

మా అక్క కూతురు కాగితం అందుకుంది. కళ్లు చూసే మనిషి గదా, ఊరికే చూడలేదు. సంచీలోంచి భూతద్దం తీసి వరస వరసా చూసింది. "లేదు నాన్నా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అంది.

"చూశారా," అన్నాడు మా బావ. గెలిచినవాడిలా అనలేదు, అలిసిపోయినవాడిలా అన్నాడు. "వేలు సరిగానే ఉంది. పాపే పడుకోదు. సరే, రేపు క్రెష్‌కి నేనే దింపి వస్తాలే."

అప్పుడు మా అక్క నా చెయ్యి గిల్లింది. ఎందుకని తిరిగి చూస్తే మంచం వైపు చూపించింది. దొరసాని వెల్లకిలా, చేతులు రెండూ తలపక్కన పడేసి, నోరు కొంచెం తెరుచుకుని ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంది.

అందరం బిగుసుకుపోయాం. టకటకలు ఆగిపోయాయి గదా, పాప కనుబొమలు కదిలాయి, పెదవి వంకర తిరిగింది. "ఆపారేంటండీ, కొట్టండి," అని అక్క గుసగుసగా కసిరింది.

మా బావకి విషయం తలకెక్కడానికి కాసేపు పట్టింది. తరవాత కాగితం తిప్పి దూర్చి మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. టక టక టక టక. పాప పెదవి సర్దుకుంది. బండి చివరికి రాగానే టింగుమని గంట మోగుతుంది, దానికి పాప చెయ్యి ఒకసారి అదిరింది. నేను కిందికి పరుగెత్తి లైనింగు గుడ్డ ముక్క తెచ్చి ఆ గంటకి చుట్టి కుట్టు వేశాను. నా జన్మలో గంటకి జాకెట్ కుట్టడం అదే మొదలు. అది కూడా వంకరగానే ఉందని మా బావ కొడుతూనే గొణిగాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, మనిషి మామూలైపోయాడు.

"ఎంతసేపు కొట్టాలి?" అని అడిగాడు గోడ వైపే చూస్తూ.

"పని కావాలన్నారు గదా, ఇదే పని," అంది అక్క. అని, ఆయన భుజం మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే నిలబడింది.

కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. పాప కన్నా తండ్రినే ఎక్కువసేపు చూసింది. పడుకుంటే ఇక్కడే ఉంటుందని మాట ఇచ్చిన మనిషి. పందెం ఓడిపోయినందుకు అంత సంతోషంగా ఉన్న మొహం నేనెక్కడా చూడలేదు. చాలాసేపటికి అడిగింది. "నాన్నా, ఈ రిబ్బన్లు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?"

మా బావ చేతులు ఒక్క క్షణం తడబడ్డాయి. అప్పుడు పడిన ఒకటి రెండు అక్షరాలు వెలిసిపోయాయని తరవాత చూశాం. "దొరకవమ్మా. సిరా పూసి ఆరబెట్టుకుంటే పనికొస్తాయి, నాకు తెలుసు," అన్నాడు.

కీబోర్డు సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే అల్లుడు నొచ్చుకుంటాడు. అతను తరవాత సెట్టింగుల్లో ఒక హద్దు పెట్టాడు. ఎంత గట్టిగా నొక్కినా అంకె ఆ హద్దు దాటదు, మెల్లగా నొక్కినవి మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. స్తంభాలన్నీ గీతల పక్కన బుద్ధిగా నిలబడ్డాయి. పాట ఇప్పుడు ఎంత బాగుంటుందంటే పాప పడుకోవడం మాని వింటుంది. అందుకని మా బావ దాన్ని సాయంత్రం పాప లేచాక వాయిస్తాడు. ఎవరన్నా వచ్చి మెచ్చుకుంటే మా బావ, "ముందు కీబోర్డు తేడాగా ఉండేది, మా అల్లుడు బాగుచేశాడు," అంటాడు. అల్లుడు అవునండీ అంటాడు. మేం ఎవరం మాట్లాడం.

నా కుట్టుమిషను చప్పుడుకి పడుకుంటుందేమో అని నేనూ ఒకరోజు ప్రయత్నం చేశాను. పాప నన్ను ఎగాదిగా చూసింది గానీ రెప్ప వెయ్యలేదు. నా కాళ్లు రెండూ సమానంగా తొక్కట్లేదని మా బావ తేల్చాడు. ఎడమ కాలు అన్నం తినలేదా అని కూడా అడిగాడు. ఆయన్ని అప్పుడు బావగారూ అని పిలవడానికి నేను చాలా కష్టపడాల్సి వచ్చింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే మా బావ ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, తల దువ్వుకుంటాడు, పాపని ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడి నాకు వినబడేలా చెబుతాడు.

"అమ్మాయ్, మేం సెంటర్‌కి వెళుతున్నాం."

చెప్పి వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేస్తాడు. కాసేపటికి పైనుంచి టకటకలు మొదలవుతాయి, నేను నా మిషను ఆపి కూర్చుంటాను.